ముఖానికీ చంద్రుడికీ పోలిక ఎక్కడ?

తెలుగు నేర్పే ఏ బళ్లోనైనా ఉపమాలంకారానికి మొదటి ఉదాహరణ దాదాపు ఒకటే: ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది. ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, అందం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. నాలుగు ముక్కలూ విడగొట్టి, కింద లక్షణం రాస్తే మార్కులు పడతాయి. పదో తరగతి పిల్లలు దీన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

నేను కృష్ణా డెల్టాలో, సముద్రానికి దగ్గరి ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టార్ని. పుట్టుకతోనే నాకు చూపు లేదు. నా ఎదుట కూర్చునే పిల్లలందరికీ చూపుంది. ముఖమంటే ఏమిటో నా వేళ్లకు తెలుసు. చంద్రుడు మాత్రం వేళ్లకు అందడు, చెవికి వినిపించడు, ఎండలా ఒంటికి తగలడు, వాసనా లేదు. నా దగ్గరికి మాటగా తప్ప ఇంకో దారిన రాని వస్తువుల్లో మొదటివాడు ఆయనే. అందుకని ఆ ఉదాహరణ వచ్చిన రోజు నేను పాఠం చెప్పను. పిల్లల చేత చెప్పించుకుంటాను.

‘‘చంద్రుణ్ణి ఎవరెవరు చూశార్రా?’’ అంటాను. క్లాసంతా ‘‘నేను సార్, నేను సార్’’.

‘‘సరే. ముఖానికీ చంద్రుడికీ పోలిక ఎక్కడుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. ‘అందం’ అనే మాట వాడకూడదు.’’

అప్పుడు కాసేపు చప్పుడుండదు. ముందు వచ్చే జవాబు ‘గుండ్రం’. పళ్లెం కూడా గుండ్రమే గదా, నీ మొహం పళ్లెంలా ఉందంటే మీ అక్క ఊరుకుంటుందా అని అడుగుతాను. నవ్వులు. తర్వాత ‘తెలుపు’ వస్తుంది. ద్రౌపది నల్లనిది, కృష్ణ అని పేరు కూడా ఉంది, మరి ఆమె ముఖాన్ని చంద్రుడితో పోల్చలేదా అంటాను. తర్వాత ‘వెలుగు’. వెలుగే అయితే సూర్యుడిది ఇంకా ఎక్కువ, ఆడపిల్ల ముఖం సూర్యబింబంలా ఉందని ఎవరూ అనరేం? అక్కడ అందరూ ఆగిపోతారు. ఒక ఏడాది తొమ్మిదో తరగతిలో, ఎప్పుడూ నోరు తెరవని ఒక అమ్మాయి వెనక బెంచీ నుంచి మెల్లగా అంది: ‘‘సూర్యుణ్ణి చూస్తే కళ్లు మండుతాయి సార్. చంద్రుణ్ణి ఎంతసేపు చూసినా కళ్లు నొప్పెట్టవు. అలాంటి మొహం అని సార్.’’

నాకు చంద్రుడు అర్థమైన రోజు అది. ఎంతసేపు దగ్గరున్నా మనిషిని అలసటకు గురిచెయ్యని తత్వం. నాకది గొంతులో తెలుసు. కొన్ని గొంతులు పది నిమిషాలు వింటే చాలు తలనొప్పి తెస్తాయి. కొన్ని గొంతులు రాత్రంతా మాట్లాడినా ఇంకా వినాలనిపిస్తాయి. ఆ అమ్మాయి మాట నా చెవి దగ్గరికి నేరుగా వచ్చేసింది, కంటితో పని లేకుండా. పుస్తకం ‘అందం’ అని రాసిన చోట ఆమె అసలు సమానధర్మాన్ని పట్టుకుంది. అది ముఖంలోనూ లేదు, చంద్రుడిలోనూ లేదు. చూసేవాడి ఒంట్లో ఉంది.

ఇన్నేళ్లు పద్యాలు చెప్పి నేను తెలుసుకున్నది ఇదే. పోలిక అంటే బొమ్మ కాదు. ఒక మనిషి ఒంటికి తెలిసిన సంగతిని ఇంకో మనిషి ఒంటికి చేరవేసే ఏర్పాటు. బొమ్మ దానికి ఒక దారి మాత్రమే. కంటితో చూసేవాళ్లకు అది పెద్ద దారి కాబట్టి మిగతావి కనబడవు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన నా మంచి కోరే సలహా ఇచ్చారు. ‘‘వర్ణనలు, ప్రబంధాలు మీకెందుకండీ ఇబ్బంది? సంధులు, సమాసాలు, ఛందస్సు మీరు చెప్పండి. పద్యాలు ఇంకొకరికి ఇద్దాం’’ అన్నారు. ఆయన మాటలో చిన్నచూపు లేదు, జాలి ఉంది. నాకు తెలియని వస్తువుల గురించి నేను మాట్లాడటం అబద్ధమవుతుందేమోనని ఆయన అనుమానం. ఈ అనుమానం చాలా పాతది, చాలా దేశాలు తిరిగింది. అమెరికాలో థామస్ కట్స్‌ఫోర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయనకూ చిన్నతనంలోనే చూపు పోయింది. 1933లో రాసిన పుస్తకంలో ఆయన, చూపులేని పిల్లలు రంగుల మాటలు, వెలుగు మాటలు వాడటం ఉత్త మాటల గారడీ అన్నాడు. వాళ్లు తమ అనుభవాన్ని వదిలి చూపున్నవాళ్ల అనుభవాన్ని అరువు తెచ్చుకుంటున్నారనీ, బడులు ఆ అలవాటు మాన్పించాలనీ వాదించాడు. అంతకు పాతికేళ్ల ముందే, 1908లో, హెలెన్ కెల్లర్ తన పుస్తకంలో ఇలాంటి మాటకు ఎదురు నిలబడింది. పందొమ్మిది నెలల వయసులో చూపూ వినికిడీ రెండూ పోయిన మనిషి ఆమె. భాష అందరిదీ, అందులోని చూపు మాటలు నాకూ చెందుతాయని ఆమె పట్టుబట్టింది. నేను కెల్లర్ పక్షం. కట్స్‌ఫోర్త్ మాటలో ఒక నిజం ఉంది: పిల్లల చేతికి ముందు వస్తువు ఇవ్వాలి, తర్వాత మాట. దాన్ని ఒప్పుకుంటాను. వెన్నెల వద్దు, మిణుగురు వద్దు, ఇంద్రధనుస్సు వద్దు అని భాషలో సగాన్ని నా ముందు నుంచి తీసేస్తే మాత్రం ఒప్పుకోను.

1985లో బార్బరా లాండౌ, లైలా గ్లైట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పుస్తకం అచ్చువేశారు. పుట్టుకతో చూపులేని ఒక చిన్నపాప మాటలు ఎలా నేర్చిందో అందులో ఉంది. ‘పైకి చూడు’ అంటే, కళ్లకు గంతలు కట్టిన చూపున్న పిల్లలు తల పైకెత్తారు. ఆ పాప తల కదపకుండా చేతులు పైకెత్తింది. ‘ముట్టుకో, చూడొద్దు’ అంటే వస్తువును ఊరికే తట్టి వదిలేసేది. ‘ఇప్పుడు చూడు’ అంటే వేళ్లతో అంతా తడిమి తెలుసుకునేది. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కొత్త గిన్నె కొన్నా, కోడి పిల్లల్ని పెట్టినా ‘‘ఇది చూడు నాన్నా’’ అంటూ నా చేతుల్లో పెట్టేది. మా ఇంట్లో ఆ మాటకు ఎవరూ నాలిక కరుచుకోలేదు. తెలుగువాళ్లం రుచి చూస్తాం, వాసన చూస్తాం, నాడి పట్టి చూస్తాం, అడిగి చూస్తాం. కన్ను లేకపోయినా నడిచే చూపులు మన భాషలో ఇన్ని ఉండగా, నేను చూశానంటే అబద్ధమెలా అవుతుంది?

ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ 1690 నాటి తన గ్రంథంలో ఒక గుడ్డివాడి కథ రాశాడు. ఆ మనిషి రంగుల గురించి ఎన్నో పుస్తకాలు చదివించుకుని, ఎందరినో అడిగి, చివరికి ఒకనాడు ఎరుపంటే ఏమిటో తెలిసిపోయిందని గొప్పగా చెప్పాడట. ఏమిటని స్నేహితుడు అడిగితే బాకా ఊదినట్టుంటుంది అన్నాడట. అనుభవం లేనిదే మాటతో ఏ రంగూ తెలియదని చెప్పడానికి లాక్ ఈ కథను వాడుకున్నాడు. మా పిల్లలకు నేను ఇదే కథ చెప్పి, ‘‘ఆయన జవాబు తప్పా రైటా?’’ అని అడుగుతాను. ఎప్పుడూ ఎక్కువమంది రైటే అంటారు. ఎరుపు మీదికొస్తుంది సార్, పిలుస్తుంది సార్, దూరం నుంచే తెలుస్తుంది సార్ అంటారు. బాకా కూడా అంతే కదా. ఆ గుడ్డివాడు ఎరుపును చూడలేదు, నిజమే. ఎరుపు మనుషుల్ని ఏం చేస్తుందో మాత్రం కచ్చితంగా కనుక్కున్నాడు. కవికి కావలసింది ఆ రెండోదే.

మన కావ్యాల్లో ఇందుకు సాక్ష్యం కావలసినంత ఉంది. కవిసమయాలు చెప్పేటప్పుడు నేను, నా పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. కీర్తి తెల్లన, అపకీర్తి నల్లన, నవ్వు తెల్లన, కోపం ఎర్రన. హంస పాలనూ నీళ్లనూ వేరుచేస్తుంది. చకోరం వెన్నెల తాగి బతుకుతుంది. కీర్తి తెలుపును ఏ కంటితో ఎవరు చూశారు? వెన్నెల తాగే పక్షిని చూసినవాడు వెయ్యేళ్లలో ఒక్కడూ లేడు. అయినా కవి వాడాడు, రాజు విన్నాడు, పండితుడు తల ఊపాడు. ఇక్కడ చూపున్నవాడికి నా కంటే ఒక్క పిసరు ఎక్కువ లేదు. అందరికీ ఇది భాష ఇచ్చిన ఆస్తే. ఈ సంగతి మొదటిసారి తట్టినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. భాషలోని బొమ్మల్లో చాలా కంటి నుంచి కాక వినికిడి నుంచే తరతరాలుగా దిగివచ్చాయి.

మనుచరిత్ర దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని హిమాలయానికి వెళ్తాడు. అక్కడ పెద్దన కొండను చూపించే చంపకమాల తెలుగు వచ్చిన ప్రతివాడికీ తెలుసు. వెళ్లాడు, చూశాడు అంటూ మొదలవుతుంది కాబట్టి అందరూ దాన్ని కంటి పద్యం అనుకుంటారు. లోపల ఏముందో వరసగా తీయండి. ఆకాశాన్ని తాకే శిఖరాల నుంచి సెలయేళ్లు దూకుతున్నాయి. అలలు మళ్లీ మళ్లీ దొర్లుతూ మద్దెల మోగినట్టు మోగుతున్నాయి. ఆ మోతకు తగ్గట్టు నెమళ్లు పురివిప్పి ఆడుతున్నాయి. చరియల మీద తిరుగుతున్న ఆడ ఏనుగులు తొండాలతో చెట్లను ఊపుతున్నాయి. పద్యం మొత్తంలో ఒక్క రంగు లేదు! మోత ఉంది, ఊపు ఉంది, తాకిడి ఉంది. చివరికి కొండ పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా పెద్దన దాన్ని చల్లని కొండ అన్నాడు. తెల్లని కొండ అనలేదు.

ఈ పద్యం చెప్పేటప్పుడు పిల్లల్ని పుస్తకాలు మూసెయ్యమంటాను. మా బళ్లో భజన మందిరంలో డోలక్ వాయించే కుర్రాడు ఎవడో ఒకడు ఎప్పుడూ ఉంటాడు. వాణ్ణి బల్ల మీద వాయించమని, ఆ దరువు మీద పద్యం చదువుతాను. సమాసం పొడుగునా ఒత్తు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే పిల్లలకు ప్రతిపదార్థం చెప్పకముందే నీళ్లు దూకుతున్నాయని తెలిసిపోతుంది. ప్రతిపదార్థం తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు. అర్థం ముందు చెప్పి పద్యం తర్వాత చదివే పద్ధతి మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు.

పోతన గజేంద్ర మోక్షంలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. విష్ణువు పరుగెత్తుకొచ్చే తీరు చెప్పాలి. కిరీటం, మెరుపు, పట్టుబట్ట ఎన్నో చెప్పొచ్చు. ఆయన చెప్పింది విష్ణువు ఏమేం చెయ్యలేదో. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతికి తీసుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యలేదు, చెవుల మీద పడ్డ జుట్టు సర్దుకోలేదు, చివరికి చేతిలో ఉన్న లక్ష్మి పైటకొంగు వదలలేదు. లేనివాటిని ఎవరు చూడగలరు? ఆ తొందర మాత్రం వినేవాళ్లందరి ఒంటికీ తగులుతుంది. ఆ కొంగు నా గుప్పిట్లో ఉన్నట్టే ఉంటుంది నాకు.

మరి నాకు అందనివి లేవా? ఉన్నాయి. అద్దంలో ప్రతిబింబం నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. బింబ ప్రతిబింబాల పోలిక వేదాంతంలో అడుగడుగునా వస్తుంది. నేను దాన్ని ప్రతిధ్వనితో అర్థం చేసుకున్నాను. పాడుబడ్డ బావిలోకి తొంగి అరిస్తే నా గొంతు నాకు తిరిగొస్తుంది, అక్కడ ఎవరూ ఉండరు. అది చాలావరకు సరిపోతుంది. ఒక తేడా ఉందని మా పిల్లలే చెప్పారు. ప్రతిధ్వని కాస్త ఆగి వస్తుంది, అద్దంలో బొమ్మ ఆగదు, మనతోపాటే కదులుతుంది. దూరం వెళ్లేకొద్దీ వస్తువు చిన్నదవుతుందనేది ఇంకో వింత. చేతిలో ఉన్న కర్ర ఎప్పుడూ అదే పొడుగు. రైలు కూత దూరమయ్యేకొద్దీ సన్నబడటం తలుచుకుంటే దాని అంచు దొరుకుతుంది. సంజెవేళ రంగు రంగులోకి కరిగిపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మాటే. ఆ మాటను నేను గౌరవంగా మోస్తాను. క్లాసులో చెప్పాల్సి వచ్చినప్పుడు పిల్లల చేత చెప్పిస్తాను, మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తాను. నా ప్రశ్నలకు జవాబు చెప్పడానికి వాళ్లు ఆ సాయంత్రం బయటికెళ్లి పడమర వైపు చూస్తారు. తెలుగు మాస్టారి ఉద్యోగం అంతకంటే ఏముంది?

బొమ్మ లేకుండా ఆలోచన ఎలా సాగుతుందని టీచర్ల గదిలో అప్పుడప్పుడూ అడుగుతుంటారు. నేను బ్రెయిలీ గురించి చెబుతాను. 1951 నుంచి మన దేశ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ ఉంది. ఆరు చుక్కల గడిలో ఒక్కో అక్షరం. పలక మీద కాగితం బిగించి స్టైలస్‌తో పొడుస్తూ కుడి నుంచి ఎడమకు రాస్తాం. తర్వాత కాగితం తిరగేసి ఎడమ నుంచి కుడికి వేళ్లతో చదువుతాం. అంటే రాసేటప్పుడు ప్రతి అక్షరమూ తిరగబడి ఉంటుంది. ‘ఇ’ని తిరగేస్తే ‘ఏ’, ‘హ’ని తిరగేస్తే ‘జ’. చూపులేని ఆరేళ్ల పిల్లాడు బడిలో చేరిన కొద్ది నెలలకే ఈ తిప్పుడంతా మనసులో చేసేస్తాడు. ఆ మనసులో తిరిగేది బొమ్మ కాకపోతే ఏమిటి? దానికి రంగు లేదు, వెలుగు లేదు. ఎడమ కుడి ఉన్నాయి, పైనా కిందా ఉన్నాయి, ఎత్తు ఉంది, ఖాళీ ఉంది.

1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్ చేసిన ప్రయోగం మనస్తత్వ శాస్త్రంలో పేరుమోసింది. రెండు ఆకారాల బొమ్మలు చూపించి రెండూ ఒకటేనా కాదా అని అడిగారు. ఒకటి ఎంత ఎక్కువ తిరిగి ఉంటే జవాబుకు అంత ఎక్కువ సమయం పట్టింది, మనసులో దాన్ని నిజంగానే తిప్పుతున్నట్టు. 1976లో గ్లోరియా మార్మర్, లారీ జాబాక్ అదే పనిని చేత్తో తడిమే ఆకారాలతో, పుట్టుకతో చూపులేని వాళ్ల చేత చేయించారు. సమయం కొంచెం ఎక్కువ పట్టింది. వాలు పెరిగేకొద్దీ సమయం పెరగడం మాత్రం అలాగే ఉంది.

చూపున్న వాళ్లందరి మనసుల్లోనూ బొమ్మలుంటాయనీ కాదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1880లో పొద్దుటి ఫలహారం బల్లను గుర్తు తెచ్చుకుని మనసులో ఏం కనబడుతోందో చెప్పమని చాలామందిని అడిగాడు. వాళ్లలో కొందరు శాస్త్రవేత్తలు తమకేమీ కనబడదన్నారు. మనోనేత్రం అనేది ఊరికే మాటవరసకు అనేదనే వాళ్లు అప్పటిదాకా అనుకున్నారు. 2015లో ఆడమ్ జేమన్ ఈ స్థితికి అఫాంటేజియా అని పేరు పెట్టాడు. ఇది మా లెక్కల మాస్టారికి చెబితే ఆయన చాలాసేపు ఊరుకుని, ‘‘నాకూ ఏం కనబడదండీ. మా నాన్న మొహం కూడా కళ్లు మూసుకుంటే రాదు. గొంతు వస్తుంది, నడిచే తీరు తెలుస్తుంది’’ అన్నారు. రేఖాగణితం అంత బాగా చెప్పే మనిషి. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహం బాగా పెరిగింది.

పిల్లలు ఒక్కోసారి కలల గురించి అడుగుతారు. ‘‘మీకు కలలొస్తాయా సార్? కలలో ఏం కనబడుతుంది?’’ వస్తాయి. కలలో మనుషులు మాట్లాడతారు, వాన పడుతుంది, నేను బస్సు ఎక్కుతాను, మెట్టు తప్పుతుంది, ఒళ్లు జలదరిస్తుంది. మీ కలల్లో ఉండే బొమ్మ తప్ప అన్నీ ఉంటాయని చెబుతాను. వాళ్లకు అది చాలా మామూలుగా అర్థమవుతుంది. పెద్దవాళ్లకే కష్టం.

జాతీయాల పాఠం వచ్చినప్పుడు నేను పిల్లల చేత ఒక పని చేయిస్తాను. ఇంట్లో రెండు రోజులు వినబడిన జాతీయాలన్నీ రాసుకుని రమ్మంటాను. తర్వాత ఒంటి భాగాల వారీగా విడదీస్తాం. కడుపు మండింది, కడుపులో పెట్టుకున్నాడు. నోరు జారింది. గుండె జారింది. చెవిన వేశాడు, పెడచెవిన పెట్టాడు, చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. చెయ్యిచ్చాడు, చేతులెత్తేశాడు, చేతులు దులుపుకున్నాడు. మనసు విరిగింది. మాట తూలాడు. కంటివి కూడా ఉంటాయి: కళ్లు నెత్తికెక్కాయి, కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. ఎప్పుడు లెక్క తీసినా చెయ్యీ కడుపూ నోరూ కలిస్తే కంటి కంటే చాలా పెద్ద కుప్ప అవుతుంది. మామూలు మాటల్లో మన ఊరి మనుషులు ఆలోచించేది ఒంటితోనే. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో తమ పుస్తకంలో వాదించింది కూడా ఇదే: పోలికలు కవుల నగలు కావు, మనిషి ఆలోచన నడిచే బాటే అవి. కాలం గురించి మాట్లాడాలంటే మనకు చోటు మాటలు కావాలి. ముందు రోజులు, వెనకటి కాలం. తెల్లకర్రతో నడిచే నాకు ముందు అంటే కర్ర ఇంకా తాకని చోటు. భవిష్యత్తు గురించి అంతకంటే సరైన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం వ్యాసరచన. గైడ్లు చదివిన పిల్లలు ‘మా ఊరు’ అని రాయమంటే అందమైన ఊరు, పచ్చని పొలాలు, గలగలా పారే కాలువ అని రాసుకొస్తారు. అవి ఎవరి ఊరైనా కావచ్చు. నా పద్ధతి ఏమిటంటే, రాసింది పక్కవాడు నాకు బిగ్గరగా చదివి వినిపించాలి. విని నేను ఆ ఊళ్లో నడవగలగాలి. ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు కాలువ గలగలా పారుతోందని రాశాడు. ‘‘ఎప్పుడూ గలగలేనా?’’ అని అడిగాను. వాడు ఆలోచించి, ‘‘లేదు సార్. లాకులెత్తి నీళ్లొదిలినప్పుడు గట్ల నిండా వస్తుంది, అప్పుడు చప్పుడే ఉండదు. ఎండాకాలం నీళ్లు తగ్గి రాళ్లు తేలాకే చప్పుడు’’ అన్నాడు. ‘‘మరి అది రాయి’’ అన్నాను. వారం తర్వాత తెచ్చిన కాగితంలో అది ఉంది, దాని కింద వాడంతట వాడే ఇంకో రెండు వాక్యాలు రాశాడు: మా తాత నిండు కాలువ. మా బాబాయి ఎండాకాలం కాలువ.

చదివిన పిల్లాడు అక్కడ ఆగాడు. క్లాసు నవ్వలేదు. అందరికీ ఆ ఇద్దరూ తెలుసు. వాడికి రూపకాలంకారం లక్షణం అప్పటికి నేను చెప్పలేదు. ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేదన్నట్టు చెప్పడం అని మర్నాడు చెప్పినప్పుడు, ‘‘నేను రాసింది అదేనా సార్?’’ అన్నాడు. నిండు కుండ తొణకదన్న సామెత వాడు వినే ఉంటాడు. అయినా వాడి తాతకు కుండ సరిపోలేదు, వాడి ఇంటి ముందు కాలువే కావాల్సి వచ్చింది. పాత పోలికను పక్కనపెట్టి తన చెవి విన్నదాన్ని తెచ్చుకోవడం కవులకు కూడా చాలాకాలానికి గానీ రాదు.

దండి కావ్యాదర్శంలో ఉపమకు ముప్పైకి పైగా భేదాలు చెప్పాడు. వాటన్నిటికంటే ముందు స్వభావోక్తిని పెట్టాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మొదటి అలంకారమని ఆయన తీర్పు. ఆ వరస నాకు చాలా నచ్చుతుంది. కాలువ ఎప్పుడు చప్పుడు చేస్తుందో, ఎప్పుడు చెయ్యదో ముందు సరిగ్గా విననివాడికి తాత దొరకడు. మన పాఠ్యపుస్తకాలు స్వభావోక్తిని ఏదో ఒక మూలన ఒకే ఉదాహరణతో దాటేస్తాయి. నా చేతుల్లో ఉంటే ఆరో తరగతి అంతా అదే చెబుతాను, పోలికలు ఏడులో మొదలుపెడతాను.

పరీక్షల సంగతి వేరు. అందులో మార్పు తేవడం నా చేతుల్లో లేదు, పిల్లలకు మార్కులు కావాలి. అందుకని సమన్వయం నాలుగు ముక్కలుగానే రాయమంటాను. నోట్సులో మాత్రం వాటి కింద అయిదో వాక్యం ఒకటి ఉండాలి. ఆ పోలిక నీ ఒంటికి ఎక్కడ తగిలింది? తగలకపోతే తగల్లేదనే రాయి. చాలామంది తగల్లేదనే రాస్తారు, అదీ మంచిదే, అబద్ధం కంటే నయం. తగిలినవి పక్కవాళ్లు చదివి వినిపిస్తారు. బాగున్నవాటిని నేను ఇంటికెళ్లాక స్టైలస్‌తో నా పుస్తకంలో పొడుచుకుంటాను. చంద్రుడి మాట చెప్పిన అమ్మాయిది అందులో ఉంది, కాలువ కుర్రాడిది ఉంది.

ఈ ఏడు తొమ్మిదో తరగతి వాళ్లకు ఉత్ప్రేక్ష ఇంకా మొదలుపెట్టలేదు. ఈ ఏనుగు నడిచే కొండేమో అన్నట్టుందని పుస్తకం ఉదాహరణ ఇచ్చింది. మా పిల్లల్లో ఏనుగును దగ్గరగా చూసినవాళ్లు తక్కువ, కొండను చూసినవాళ్లు ఇంకా తక్కువ. డెల్టాలో కొండలెక్కడివి? అందుకని వానలు మొదలయ్యేదాకా ఆగుతున్నాను. సముద్రం మీద మబ్బు పట్టి, గాలి తిరిగి, రేకుల మీద మొదటి చినుకులు పడ్డ రోజు పాఠం ఎత్తుకుంటాను. అదేమై ఉంటుందో వాళ్లు చెప్పాలి, నేను వినాలి.